అసలెంత, అతుకెంత: పాత టూరింగ్ సైకిలుకు వెల కట్టడం

ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. 1980ల నాటి టూరింగ్ సైకిల్, పూర్తిగా ఒరిజినల్, నాన్నగారు కొన్నది, ఇన్నాళ్లూ గ్యారేజీలోనే ఉంది అని రాశారు. నాలుగు ఫోటోలు, కింద ఒక ధర. మీరు చికాగో శివార్లలో ఉన్నా, ఇంగ్లండ్‌లో ఉన్నా, బెంగళూరులో కూర్చుని విదేశంలో ఉన్న బంధువు చేత తెప్పించుకుందామని చూస్తున్నా, ఆ ఫోటోల ముందు తలెత్తే ప్రశ్న ఒక్కటే: ఇది నిజంగా అంత విలువ చేస్తుందా?

ఆ ప్రశ్నను ముందు రెండుగా విడదీయండి. ఈ సైకిలు ఎంతవరకు అసలుది? దీని వెల ఎంత? అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపి ఒకే మాటగా చెబుతారు. కొనేవాళ్లు కూడా అలాగే వింటారు. కానీ అన్ని పార్టులూ అసలువే అయినా తక్కువ ధర పలికే సైకిళ్లుంటాయి. సగం పార్టులు మారినా ఎక్కువ ధరకు తగినవీ ఉంటాయి. టూరింగ్ సైకిలు విషయంలో ఇది మరీ నిజం. రేసు సైకిలును కొందరు గోడకు తగిలించి కాపాడారు. టూరింగ్ సైకిలు కొన్నవాళ్లు దాన్ని తొక్కారు. సామాను కట్టారు, కొండలెక్కారు, వానలో తడిశారు, అరిగినవి మార్చారు. అందుకని "ఏ పార్టు మారింది?" అని అడిగితే సరిపోదు. "ఎప్పుడు మారింది, ఎందుకు మారింది?" అని అడగాలి. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికే.

ముందొక చిన్న హెచ్చరిక. మన ఊళ్లలో తాతల కాలం నుంచి ఉన్న రాలీ, హంబర్, హెర్క్యులెస్ సైకిళ్లు చూసి "పాతకాలపు టూరింగ్ సైకిల్" అని అమ్మేవాళ్లు కనిపిస్తారు. అవి రోడ్‌స్టర్లు. వాటికి వాటి గౌరవం ఉంది. నాటింగ్‌హామ్‌లో తయారైందా, ఆసన్‌సోల్‌లోని సెన్-రాలీ ఫ్యాక్టరీలో తయారైందా అని చూడటం కూడా ఆసక్తికరమే. కానీ వాటి లెక్క వేరు. టూరింగ్ సైకిలంటే దూర ప్రయాణానికి కట్టినది: వంపు హ్యాండిలు, గేర్లు, క్యారియరుకూ మడ్‌గార్డులకూ ఫ్రేములోనే రంధ్రాలు, బరువు కట్టినా ఊగని పొడవాటి ఫ్రేము. వెనక సంచులకు మడమ తగలకుండా చెయిన్‌స్టే గొట్టాలు పొడుగ్గా ఉంటాయి. రేసు సైకిలుకు అవి 41 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ట్రెక్ 1980ల మొదట్లో చేసిన 720 మోడలుకు సుమారు 47 సెంటీమీటర్లు. ప్రకటనలో ఏ పేరు రాసినా మీరు వెళ్లేటప్పుడు జేబులో టేపు పెట్టుకోండి. అది నిజంగా టూరింగ్ ఫ్రేమేనా అన్నది ఆ కొలతతో తేలిపోతుంది.

1. ముందు ఫ్రేము చూడండి, మెరిసేవి తర్వాత

చాలామంది చూపు ముందు తోలు సీటు మీదా, ఇటలీ పేరున్న డిరేలరు మీదా పడుతుంది. అవి అరగంటలో విప్పి మరో సైకిలుకు బిగించగలిగేవి. ఫ్రేము మారదు, కాబట్టి లెక్క అక్కడినుంచే మొదలుపెట్టాలి.

సీటు గొట్టం మీద స్టిక్కరు చూడండి. బర్మింగ్‌హామ్ కంపెనీ రేనాల్డ్స్ 1935లో తెచ్చిన 531 గొట్టాలు దశాబ్దాల పాటు మంచి టూరింగ్ సైకిళ్లకు ఆధారం. కానీ "531 ఉంది" అన్నంత మాత్రాన సరిపోదు. స్టిక్కరు మీద అక్షరాలు పూర్తిగా చదవండి. గొట్టాలు, ఫోర్కు, వెనక స్టేలు అన్నీ 531 అని ఒక స్టిక్కరు చెబుతుంది. ప్రధానమైన మూడు గొట్టాలే 531 అని ఇంకొకటి చెబుతుంది. చివర్లలో మందంగా, నడుమ పలచగా లాగిన బటెడ్ గొట్టాలా, అంతటా ఒకే మందమున్నవా అన్నది కూడా దాని మీదే ఉంటుంది. 1980లలో టూరింగ్ కోసం 531 ఎస్‌టీ అనీ, రేసు కోసం 531 సీ అనీ వేరువేరు స్టిక్కర్లు వచ్చాయి. ఈ తేడాలు ధరను బాగా మారుస్తాయి.

స్టిక్కరును ఎంతవరకు నమ్మాలి? అది కాగితమే. అచ్చం పాతవాటిలాంటి కొత్త స్టిక్కర్లు ఈరోజు ఎవరైనా తెప్పించుకోవచ్చు. అందుకే సీట్ పిల్లర్ బయటికి తీయించి దాని మీది కొలత చదవండి. ఇంగ్లిష్, అమెరికన్, జపాన్ ఫ్రేముల్లో 27.2 మి.మీ. అని ఉంటే పలచని, నాణ్యమైన గొట్టానికి మంచి గుర్తు. 26 దగ్గరో అంతకన్నా తక్కువో ఉంటే గొట్టం మందమని అర్థం, స్టిక్కరు ఏం చెప్పినా సరే. ఒక్క మినహాయింపు: పాత ఫ్రెంచి ఫ్రేముల గొట్టాల బయటి కొలతే కొంచెం చిన్నది. అక్కడ 26.4 కనిపిస్తే కంగారు పడకండి, మంచి ఫ్రెంచి ఫ్రేములకు అది మామూలే.

తర్వాత వెనక ఇరుసు కూర్చునే కొక్కేలను చూడండి. కాల్చి సాగగొట్టిన దళసరి కొక్కేల మీద చేసినవాళ్ల పేరుంటుంది. పలచని రేకును కోసి నొక్కినట్టుంటే అది చవక ఫ్రేము.

2. నంబరు అడగండి

"బీబీ కింద ఉన్న నంబరు ఫోటో తీసి పంపగలరా?" ప్రయాణం పెట్టుకునే ముందు పంపాల్సిన మొదటి సందేశం ఇదే. పెడల్ ఇరుసు తిరిగే డొప్పనే మన షాపుల్లో బీబీ అంటారు కదా, చాలా కంపెనీలు నంబరు దాని అడుగునే కొట్టాయి. కొన్ని సీటు గొట్టం మీదో, వెనక కొక్కెం మీదో కొట్టాయి.

నంబరు చదవడం వస్తే ఏడాది తెలుస్తుంది. తుపాకులు చేసే ఇంట్లో పుట్టి సైకిళ్లకు మళ్లిన జపాన్ కంపెనీ మియాటా నంబరులో మొదటి అక్షరమే సంవత్సరం: ఏ అంటే 1972, బి అంటే 1973, అలా లెక్కపెడితే ఎమ్ అంటే 1984. మియాటా 1000 అనే పేరున్న టూరింగ్ సైకిలు ఎవరైనా చూపిస్తే ఆ అక్షరంతో వాళ్లు చెప్పిన ఏడాదిని పోల్చుకోండి. 1970ల మధ్య నుంచి రాలీ నంబర్లలో మొదటి అక్షరం ఫ్యాక్టరీ (డబ్ల్యూ అంటే వర్క్‌సాప్, ఎన్ అంటే నాటింగ్‌హామ్), రెండో అక్షరం నెల, తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది. వర్క్‌సాప్ నంబరుంటే ఆసక్తిగా చూడండి. అది 1960లో రాలీ కొనేసిన కార్ల్‌టన్ వాళ్ల ఫ్యాక్టరీ, మంచి తేలికపాటి ఫ్రేములు అక్కడ కట్టేవారు.

నంబరు రంగుతో పూడుకుపోయి చదవలేకుండా ఉందా? అదీ ఒక సమాచారమే. మళ్లీ రంగు వేశారేమో అని అక్కడే అనుమానం రావాలి.

3. పార్టుల మీద తేదీలు చదివి, కాగితం మీద రాయండి

చాలా పార్టులు తమ పుట్టినరోజును తమ మీదే మోస్తాయి. షిమానో పార్టుల వెనక రెండు చిన్న అక్షరాలుంటాయి. మొదటిది సంవత్సరం, 1976కు ఏ నుంచి మొదలు. రెండోది నెల, జనవరికి ఏ నుంచి. స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్బు డొప్ప మీద ఏడాది, నెల అంకెల్లోనే ఉంటాయి: 71 పక్కన 3 ఉంటే 1971 మార్చి. కాంపాన్యోలో నువోవో రికార్డ్ డిరేలరు మీద పేటెంట్ మాట పక్కన 76 అంటే 1976 నాటిది, లేదా ఆ వెంటనే చేసినది. అదే కంపెనీ హబ్బుల లాక్ నట్ మీద కూడా ఏడాది దొరుకుతుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. ఉదాహరణకు, నంబరు ప్రకారం ఫ్రేము 1984. బ్రేకుల మీద హెచ్‌కె, అంటే 1983 నవంబరు. క్రాంకు మీదా అలాంటిదే. కానీ వెనక డిరేలరు మీద ఎల్‌డి, అంటే 1987 ఏప్రిల్. ఏం చెబుతోంది ఈ కాగితం? పార్టులు ఫ్యాక్టరీకి కొన్ని నెలలు ముందుగా చేరతాయి, అందుకని 1983 నాటి బ్రేకులు 1984 ఫ్రేముకు చక్కగా సరిపోతాయి. 1987 డిరేలరు ఎవరో తర్వాత మార్చినది. తప్పు కాదు, అబద్ధమూ కాదు. అయితే ప్రకటనలో "పూర్తిగా ఒరిజినల్" అన్న మాట ఇక చెల్లదు, ధర ఆ మాట మీద నిలబడి ఉంటే అదీ చెల్లదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు: తోలు సీటును బట్టి సైకిలు వయసు చెప్పడం. బ్రూక్స్ బీ17 వందేళ్లకు పైగా దాదాపు అదే రూపంలో వస్తోంది. సీటు పాతగా కనిపించినంత మాత్రాన సైకిలుతో పుట్టిందని కాదు.

కంపెనీ పాత క్యాటలాగులు వెతకండి. చాలా ఏళ్ల క్యాటలాగుల పేజీలు ఔత్సాహికులు భద్రపరిచి అందరికీ అందుబాటులో ఉంచారు. ఆ ఏడాది ఆ మోడలుకు ఏ బ్రేకు, ఏ క్రాంకు, ఏ రిమ్ము వేశారో అందులో ఉంటుంది. క్యాటలాగును కూడా శాసనంలా చదవకండి. అచ్చయిన తర్వాత సరఫరాను బట్టి కంపెనీలు పార్టులు మార్చేవి. కొలతల గురించీ, మరల గురించీ సందేహం వస్తే 2008లో కన్నుమూసిన అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ వదిలివెళ్లిన వివరణల కన్నా మంచి చోటు నాకు తెలియదు. ఇంగ్లిష్ సైకిలైతే 1955 నుంచి ఉన్న వెటరన్-సైకిల్ క్లబ్‌లో ఒక్కో కంపెనీ గురించి లోతుగా తెలిసిన సభ్యులుంటారు. మర్యాదగా అడిగితే ఓపికగా చెబుతారు.

4. మారిన ప్రతి పార్టునూ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయండి

మీ కాగితం మీద మారినవి అయిదో ఆరో తేలాయి అనుకుందాం. ఇప్పుడేం చేయాలి? ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, నెమ్మదిగా చేయండి.

మొదటి కుప్ప, అరిగిపోయేవి: టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, చైను, హ్యాండిలు టేపు, ఫ్రీవీలు. ఇవి మారాయని ధర తగ్గించకండి. నలభై ఏళ్ల నాటి అసలు టైరు మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు, దాని మీద రోడ్డెక్కడం ప్రమాదం. అయితే కొత్తవి మీరే వేయించాల్సి వస్తే ఆ ఖర్చు లెక్కలో తీసేయండి.

రెండో కుప్ప, ప్రయాణికుడు మార్చినవి. 1971లో వచ్చిన డాస్ గెలాక్సీని ఊహించుకోండి. అది బర్మింగ్‌హామ్ కంపెనీ తయారీ, ఇంగ్లండ్‌లో మామూలు ఉద్యోగులు షాపుకు వెళ్లి నేరుగా కొనుక్కోగలిగిన టూరింగ్ సైకిలు. దాని యజమాని స్కాట్లండ్ కొండలెక్కడానికి వెనక ఫ్రీవీలు పెద్ద పళ్లది వేయించాడు, అందుకు తగినట్టు పొడవు చేతి డిరేలరు పెట్టించాడు. సీటు వెనక క్యారడైస్ వాళ్ల బట్ట సంచి, పక్కన రసీదుల కట్ట. ఈ మార్పులన్నీ సైకిలు పుట్టిన పనికోసమే జరిగాయి, ఆ కాలపు పార్టులతోనే జరిగాయి. నా లెక్కలో ఇవి విలువను తగ్గించవు. రసీదులూ ఫోటోలూ తోడుంటే పెంచుతాయి కూడా. కేవలం సేకరణకోసం కొనేవాళ్లు నాతో ఒప్పుకోరని తెలుసు. కానీ తొక్కడానికి కట్టిన సైకిలును తొక్కినందుకు తక్కువ చేసి చూడటం నాకు న్యాయంగా తోచదు.

మూడో కుప్ప, అమ్మడానికి మార్చినవి. పోయిన నెలలో అతికించిన స్టిక్కర్లు. మరో సైకిలు నుంచి తెచ్చి పెట్టిన పెద్ద పేరున్న డిరేలరు. చవక ఫ్రేముకు తగిలించిన ఖరీదైన సీటు. విడివిడిగా అమ్మితే ఎక్కువొస్తుందని అసలు చక్రాలు తీసేసి వేసిన ఏవో చక్రాలు. మంచి టూరింగ్ సైకిళ్లలో ఇది తరచుగా జరుగుతుంది, ఎందుకంటే క్రాంకు, బ్రేకులు, హబ్బులు విడిగా అమ్మితే కొన్నిసార్లు మొత్తం సైకిలు ధరను మించిపోతుంది. ఈ కుప్పలో పడిన ప్రతిదానికీ ధర తగ్గించండి. స్టిక్కరు విషయంలో అబద్ధం దొరికితే మిగతా మాటలన్నిటినీ కూడా తూకం వేసి తీసుకోండి.

మరి ఏది ఏ కుప్పలోదో ఎలా తెలుస్తుంది? అడిగితే తెలుస్తుంది. పోలీసులా నిలదీయకండి, ప్రేమగా అడగండి.

"ఈ చక్రాలు ఎప్పుడు మార్చారండీ?"

"నాన్నగారే మార్పించారు. వెనక చువ్వలు తరచూ తెగిపోతున్నాయని 40 చువ్వల చక్రం కట్టించుకున్నారు. పాత రిమ్ము అటక మీద ఉండాలి."

ఇది రెండో కుప్ప. అంతేకాదు, అటక మీది రిమ్ము కూడా అడిగి తెచ్చుకోండి. అదే ప్రశ్నకు "ఏమో, మొదటి నుంచీ ఇవే" అని జవాబొచ్చి, హబ్బు మీద తేదీ ఫ్రేముకన్నా పదేళ్లు తర్వాతిదైతే, అమ్మే మనిషికి తెలియదని అర్థం. తెలియకపోవడం మోసం కాదు. కానీ తెలియని మాటకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

వెనక కొక్కేల మధ్య దూరం కొలిస్తే చక్రాల సంగతి ఇంకొంత బయటపడుతుంది. అయిదు పళ్లచక్రాల ఫ్రీవీలు కాలంలో 120 మి.మీ., ఆరేడు వచ్చాక 126, తర్వాత 130. ఏడాది 1974 అంటున్నారు, కొక్కేల మధ్య 130 ఉంది అంటే ఎవరో ఫ్రేమును సాగదీశారు. సరిగ్గా చేస్తే ఉక్కు ఫ్రేముకు నష్టం లేదు, అడ్డదిడ్డంగా చేస్తే చక్రం పక్కకు నడుస్తుంది.

5. రంగు దగ్గర ఎక్కువసేపు ఆగండి

అసలు రంగు ఒక్కసారి గీకేస్తే ఇక రాదు. గీతలు పడిన అసలు రంగు, నిగనిగలాడే కొత్త రంగు పక్కపక్కన ఉంటే తెలిసినవాళ్లు గీతలదానికే ఎక్కువ ఇస్తారు. గద్వాల చీర అంచు చిరిగిందని మిల్లు అంచు కుట్టిస్తే చీర కొత్తగా కనిపిస్తుంది, కానీ దాని విలువ తెలిసినవాళ్లు దాన్ని పక్కన పెడతారు. ఇదీ అలాంటిదే.

మళ్లీ రంగు వేశారని ఎలా కనిపెట్టాలి? గేరు లివర్లనో కేబుల్ బిగింపునో కొంచెం వదులు చేయమని అడగండి. అసలు రంగైతే కింద మరకా, ఒత్తిడి గుర్తులూ, వెలిసిపోని ముదురు ఛాయా ఉంటాయి. ఆ చోటు కూడా మిగతా ఫ్రేములాగే నున్నగా ఉంటే అనుమానించండి. గొట్టాలు కలిసే లగ్గుల అంచులు పదునుగా కనిపించాలి. దళసరి కొత్త రంగు వాటిని మొద్దుబారుస్తుంది. మర చుట్ల మీద రంగు తుంపరలు, పూడిన నంబరు, కంపెనీ బ్యాడ్జీ మేకుల మీద రంగు: ఇవన్నీ గుర్తులే. ఫ్రేముకు అతికిన బాటిల్ బిగించే మరలు, క్యారియరు కొక్కేలు క్యాటలాగులో లేనివి కనిపిస్తే వాటిని తర్వాత బ్రేజింగ్ చేశారని, ఆపైన రంగు వేశారని అర్థం.

మినహాయింపు ఒకటుంది. పారిస్ పక్కనున్న లెవల్వా-పెరేలో రెనే హెర్స్, అలెక్స్ సింగర్ లాంటి చేతిపనివాళ్లు కట్టిన టూరింగ్ సైకిళ్లు వేరే స్థాయివి. ఫ్రేము, క్యారియరు, మడ్‌గార్డులు, లైట్ల వైర్లు అన్నీ ఒకే మనసుతో ఒక్క మనిషి కొలతలకు కట్టినవి. హెర్స్ 1976లో పోయాక ఆయన కూతురు లీలీ ఆ పని కొనసాగించారు. సింగర్ దుకాణం 1938 నాటిది. ఇలాంటి సైకిలుకు కట్టిన చోటే మళ్లీ రంగు వేయించి, దానికి కాగితం ఉంటే, అది దాని చరిత్రలో భాగమే. వాటికి విడి పార్టుల లెక్క పనికిరాదు. క్యారియరు పోయినా, మడ్‌గార్డులు మారినా సైకిలు నుంచి ఒక అవయవం పోయినట్టే. పైగా హెర్స్ పేరుతో కొత్త క్రాంకులు ఇప్పుడూ తయారవుతున్నాయి. కొత్త క్రాంకు మంచిదే, తొక్కడానికి హాయిగా ఉంటుంది, కాని అది పాత క్రాంకు కాదు. ఆ స్థాయి సైకిలును ఫోటోలు చూసి కొనకండి. తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లండి.

6. పక్కకు తప్పుకోవాల్సినవి

ఇక్కడ బేరానికి చోటు లేదు.

హ్యాండిలు కింది గొట్టానికి వెనకాల, పై గొట్టం అడుగునా కింది గొట్టం అడుగునా వేళ్లతో తడమండి. రంగు ముడతలుగా, చిన్న ఉబ్బులా తగిలిందా? సైకిలు ముందునుంచి దేన్నో గుద్దింది. పక్కనుంచి చూడండి: ఫోర్కు గొట్టం పై భాగం, హ్యాండిలు కింది గొట్టం ఒకే గీతలో ఉండాలి. ఫోర్కు వెనక్కి వంగి ఉంటే వదిలేయండి.

తర్వాత దారం పరీక్ష. ఒక వెనక కొక్కెం నుంచి దారాన్ని ముందుకు లాగి, హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొక్కేనికి బిగించండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం దూరం సమానంగా ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను మంచి ఫ్రేము మేస్త్రీ సరిచేస్తాడు. అంతకు మించితే ఎందుకని ఆలోచించండి.

పగుళ్లు టార్చి వేసి వెతకండి: క్రాంకు చేతులు కలిసే మూలల్లో, వెనక కొక్కేల దగ్గర, హ్యాండిలు స్టెమ్ గాడి దగ్గర. పాత ఫ్రెంచి ఏవీఏ స్టెమ్ములు విరగడం అందరికీ తెలిసిన సంగతి. సైకిలు ఎంత అసలుదైనా ఆ స్టెమ్ మార్చాకే ఎక్కండి, పాతది డబ్బాలో దాచండి. ఇంగ్లండ్‌లో లాంబర్ట్, వైకౌంట్ పేర్లతో వచ్చిన సైకిళ్ల అల్యూమినియం ఫోర్కులూ అంతే. సింప్లెక్స్ ప్లాస్టిక్ డిరేలర్లు ప్రాణం తీయవు గాని పగులుతాయి.

చివరగా, సీట్ పిల్లరూ స్టెమ్మూ కదులుతున్నాయా? అల్యూమినియం పిల్లరు ఉక్కు గొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే పట్టేసి కూర్చుంటుంది. కొన్నిసార్లు దాన్ని తీయడానికయ్యే ఖర్చు సైకిలు ధరనే దాటుతుంది. మీ ముందే వదులు చేసి తిప్పి చూపించమనండి. "కొన్నాక మీరే తీసుకోండి" అంటే పట్టేసిందన్నట్టే లెక్కించి ధర చెప్పండి.

7. ఫ్రెంచి సైకిలైతే మరల ఖర్చు కలపండి

ఇంగ్లిష్ బీబీ మర 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, కుడి కప్పు ఎడమ మరది. పాత ఫ్రెంచిది 35 మి.మీ. వ్యాసం, చుట్టుకు ఒక మి.మీ. చొప్పున, రెండు కప్పులూ మామూలు మరవే. పెడళ్లు కూడా వేరు: ఫ్రెంచివి 14 మి.మీ., వాటి మీద కుడికి డి, ఎడమకు జి అక్షరాలుంటాయి. కొత్త పెడలు బలవంతంగా తిప్పితే క్రాంకు పాడవుతుంది. క్రాంకు తీసే పుల్లర్ మామూలుగా 22 మి.మీ., టీఏ కంపెనీ క్రాంకుకు 23, పాత స్ట్రాంగ్‌లైట్ క్రాంకుకు 23.35. తప్పు పుల్లర్ వేసి మర నాశనం చేసిన క్రాంకులు లెక్కలేనన్ని. కొనేముందు క్రాంకు మరలోకి టార్చి వేసి చూడండి.

చక్రాల కొలత కూడా అడగండి. 27 అంగుళాల రిమ్ము 630, 700సీ 622, పాత ఫ్రెంచి 650బీ 584. 27 తీసి 700సీ వేస్తే బ్రేకు రబ్బరు 4 మి.మీ. కిందికి దిగాలి. బ్రేకు చేయి అంత దూరం అందుతుందో లేదో ముందే కొలుచుకోండి.

8. ఇప్పుడు వెల కట్టండి

ప్రకటనల్లో అడుగుతున్న ధరలు చూసి మోసపోకండి. అడిగిన ధర ఆశ మాత్రమే. అమ్ముడైన ధరలు వెతకండి: అదే మోడలు, దగ్గరి ఏడాది, దగ్గరి సైజు, అదే దేశం. అమెరికాలో ఒక ధర, జపాన్‌లో ఒకటి, యూరప్‌లో ఒకటి. రవాణా, కస్టమ్స్ కలిపితే బంధువు చేత తెప్పించుకునే చవక సైకిలు అంత చవకగా ఉండదు.

ఆ అమ్ముడైన ధరల మధ్యధర నుంచి ఇవి తీసేయండి: టైర్లు, కేబుళ్లు, బేరింగుల గ్రీజు పని, పట్టేసిన పిల్లరు, మూడో కుప్పలో పడిన పార్టులు. ఇవి కలపండి: అసలు పంపు, అసలు క్యారియరు, మడ్‌గార్డులు, రసీదులు, సైకిలుతో వచ్చిన పుస్తకం. ఈ చిన్నవాటి మీద కొనేవాళ్లు తక్కువ శ్రద్ధ పెడతారు. నిజానికి ఫ్రేముకు సరిపోయే ఆ కాలపు పంపు విడిగా వెతకడం మీరనుకున్నంత తేలిక కాదు.

ఇంకో మాట. ఆ సైకిలు మీ కాళ్లకు సరిపోతుందా? సరిపోని ఫ్రేము ఎంత అరుదైనదైనా తొక్కేవాడికి దాని విలువ సున్నా. అమ్ముకోవడానికి కొనేవాడి లెక్క వేరు, అయినా మరీ చిన్నవి, మరీ పెద్దవి నిదానంగా అమ్ముడవుతాయి.

బాగుచేసి అమ్మి లాభం చేసుకుందామని అనుకుంటున్నారా? మంచి రంగూ, క్రోమూ వేయించిన ఖర్చు మామూలు ఫ్యాక్టరీ టూరింగ్ సైకిలు మీద తిరిగి రావడం అరుదు. శుభ్రం చేయండి, గ్రీజు వేయండి, టైర్లు మార్చండి, అక్కడ ఆపండి.

అమ్మే మనిషికి దాని విలువ తెలియకపోతే? ఉదాహరణకు భర్త పోయాక గ్యారేజీ ఖాళీ చేస్తున్న పెద్దావిడ పాత ఇనుము ధర చెబితే? నిజం చెప్పండి. ఇది అరుదైనదండీ, ఇంత దాకా పలుకుతుంది, నేను ఇంత ఇవ్వగలను అనండి. చాలాసార్లు ఆమె మీకే ఇస్తుంది. దాంతోపాటు ఆయన పాత ఫోటోలూ రసీదులూ కూడా చేతిలో పెడుతుంది.

9. ఇంటికి తెచ్చిన రోజు

తుడవకముందే ఫోటోలు తీయండి: నలుపక్కలా, ప్రతి స్టిక్కరు, ప్రతి అక్షరం, నంబరు. పాత స్టిక్కర్ల మీద ఘాటైన ద్రవాలు వాడకండి. తడి మెత్తని బట్టతో, కనబడని మూల ఒకటి చూసుకుని అక్కడ మొదలుపెట్టండి. మీరు మార్చే ప్రతి పార్టునూ పారేయకుండా డబ్బాలో పెట్టి, మార్చిన తేదీ, కారణం చీటీ మీద రాసి లోపల వేయండి. రేపు దీన్ని కొనేవాళ్లు కూడా ఎప్పుడు, ఎందుకు అనే అడుగుతారు. ఆ తర్వాతే స్పానర్ పట్టుకోండి. ముందుగా బ్రేకులు, ఆపైన హ్యాండిలు బిగింపు, చివరికి సీటు ఎత్తు.